ఎకనోమెట్రిక్స్‌కి ఏ దారి మంచిది? బెజవాడ, గుంటూరు డిగ్రీ విద్యార్థులకు ఒక ఎంపిక సలహా

డిగ్రీలో ఎకనామిక్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదివే పిల్లలు ఎకనోమెట్రిక్స్ దగ్గరికి, అంటే డేటాతో ఆర్థిక ప్రశ్నలకు జవాబులు వెతికే సబ్జెక్టు దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా మూడు సంగతులు అడుగుతారు. ఏ పుస్తకం చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, కోచింగ్‌లో చేరాలా లేక ఆన్‌లైన్‌లో చూసుకుంటే సరిపోతుందా. అందరికీ ఒకే జవాబు కుదరదు గానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యూజీసీ నెట్, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ లాంటి పరీక్షలే లక్ష్యమైతే దామోదర్ గుజరాతీ పుస్తకం పట్టుకోండి. డేటాతో ఒక ప్రశ్నకు మీ అంతట మీరు జవాబు రాబట్టడం నేర్చుకోవాలంటే మాత్రం నిక్ హంటింగ్టన్-క్లైన్ 'ది ఎఫెక్ట్' మొదటి సగం, తర్వాత వూల్డ్‌రిడ్జ్ పుస్తకంలో కొన్ని అధ్యాయాలు చదవండి. సాఫ్ట్‌వేర్‌గా ఆర్ (R) పెట్టుకోండి. దీనికయ్యే ఖర్చు మహా అయితే ఒక పుస్తకం ధర.

ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఒక ప్రశ్న

ఏ పుస్తకాన్నైనా, కోర్సునైనా అంచనా వేయడానికి నేను ఒకే ప్రశ్న వాడతాను. మన ఊళ్లలో ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లో వినపడే ప్రశ్నే. ఇంటర్ కాలేజీల్లో మార్కుల్ని బట్టి పై బ్యాచ్, మామూలు బ్యాచ్ అని సెక్షన్లు వేస్తారు. పై బ్యాచ్‌కి మంచి లెక్చరర్లు వస్తారు, స్టడీ అవర్లు ఎక్కువ ఉంటాయి. చివరికి మంచి ర్యాంకులు కూడా ఎక్కువగా వాళ్లకే వస్తాయి. ఆ ర్యాంకులు బ్యాచ్ వల్ల వచ్చాయా, ఆ పిల్లలు ముందునుంచే బాగా చదివేవాళ్లు కాబట్టి వచ్చాయా?

పై బ్యాచ్ సగటులోంచి మామూలు బ్యాచ్ సగటు తీసేస్తే వచ్చే అంకెలో రెండూ కలిసిపోయి ఉంటాయి. కొంత బ్యాచ్ ప్రభావం, కొంత పిల్లల మధ్య ముందే ఉన్న తేడా. ఈ రెండోదాన్ని సెలెక్షన్ బయాస్ అంటారు. కాజల్ ఇన్ఫరెన్స్‌లో, అంటే ఏది దేనివల్ల జరిగిందో తేల్చే చదువులో నేర్చుకునేదంతా ఈ రెండింటినీ విడదీసే పద్ధతులే.

సెక్షన్లు వేసే టెస్టు 300 మార్కులకు పెట్టారనీ, 200 దాటినవాళ్లని పై బ్యాచ్‌లో వేశారనీ అనుకుందాం. 280 వచ్చిన అమ్మాయినీ 120 వచ్చిన అబ్బాయినీ పోల్చి బ్యాచ్ గురించి ఏమీ చెప్పలేం. మరి 201 వచ్చినవాళ్లకీ 199 వచ్చినవాళ్లకీ తేడా ఏముంది? ఒకరు ఒక లెక్కలో ప్లస్ బదులు మైనస్ వేసి ఉంటారు, ఇంకొకరికి ఆ రోజు ఒంట్లో బాగుండి ఉండదు. ఈ రెండు గుంపులూ దాదాపు ఒకలాంటివే, ఒకదానికి మాత్రం పై బ్యాచ్ దొరికింది. కాబట్టి చివర్లో వీళ్ల మార్కుల మధ్య కనిపించే తేడా బ్యాచ్ వల్లే అని నమ్మకంగా చెప్పొచ్చు. దీని పేరు రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ. 1960లో అమెరికాలో థిసిల్‌త్‌వైట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు మెరిట్ అవార్డుల ప్రభావం చూడటానికి దీన్ని వాడారు.

అసలు చదువు ఇక్కడినుంచే మొదలవుతుంది. 197 వచ్చిన అబ్బాయి వాళ్ల నాన్న ప్రిన్సిపాల్‌ని కలిసి రికమండేషన్ మీద పై బ్యాచ్‌లో వేయించారనుకోండి. మార్కులు అలాగే ఉండి బ్యాచ్ ఒక్కటే మారితే దానికి దారి ఉంది. 200 దాటడాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా, అంటే పిల్లల బ్యాచ్‌ని మాత్రమే కదిపే బయటి మీటగా వాడి, గీత దాటినందువల్ల బ్యాచ్ మారిన పిల్లల మీద ప్రభావం ఎంతో లెక్కకట్టొచ్చు. మార్కులే దిద్దేస్తే మాత్రం గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇక ఒకలాంటివాళ్లు కారు, పట్టుబట్టి తిరిగే తల్లిదండ్రులున్న పిల్లలంతా పై వైపు చేరతారు. దీన్ని పట్టుకోవడానికి మార్కుల హిస్టోగ్రామ్ గీసి, 200కి కాస్త కింద పిల్లలు తగ్గి కాస్త పైన ఒక్కసారిగా పెరిగారా అని చూడాలి. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా మన జవాబు 200 చుట్టుపక్కల పిల్లలకే వర్తిస్తుంది. 280 వచ్చిన అమ్మాయిని మామూలు బ్యాచ్‌లో వేస్తే ఏమయ్యేదో అది చెప్పదు.

ఇక్కడ రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకొకటి సగటున ఎంత మారుతుందో డేటాలోంచి లెక్కకట్టడం) నడపడం పది నిమిషాల పని. ఎవర్ని ఎవరితో పోలుస్తున్నాం, ఆ పోలిక ఎక్కడ దెబ్బతింటుంది అని ఆలోచించడానికే వారాలు పడుతుంది. ఈ ఆలోచనని మీ చేత ఎంత తొందరగా చేయిస్తుందన్నదే పుస్తకం ఎంచుకోవడానికి నా కొలమానం.

పుస్తకాలు

గుజరాతీ 'బేసిక్ ఎకనోమెట్రిక్స్' మన యూనివర్సిటీ సిలబస్‌లకు బాగా దగ్గరగా ఉంటుంది. రెండు వేరియబుల్స్ మోడల్‌తో మొదలుపెట్టి మల్టిపుల్ రిగ్రెషన్, మల్టీకొలినియారిటీ (కారణాలుగా పెట్టిన వేరియబుల్స్ ఒకదానితో ఒకటి కలిసి కదలడం), హెటెరోస్కెడాస్టిసిటీ (మోడల్ తప్పుల చెదురు అందరికీ ఒకేలా లేకపోవడం), ఆటోకోరిలేషన్ (ఒక కాలపు తప్పు తర్వాతి కాలపు తప్పుతో ముడిపడటం) వరుసలో ఓపికగా, బోలెడు ఉదాహరణలతో తీసుకెళ్తుంది. ఫార్ములా ఎలా వచ్చిందో తెలుసుకోవడానికీ, పరీక్షలో ఆటోకోరిలేషన్‌ని పట్టే డర్బిన్-వాట్సన్ టెస్టు మీద ప్రశ్న వస్తే రాయడానికీ ఇది చాలు. అయితే పై బ్యాచ్ ప్రశ్నకి ఇది మిమ్మల్ని చేర్చదు. పుస్తకం పూర్తిచేసిన విద్యార్థి డేటా చేతికి ఇవ్వగానే హెటెరోస్కెడాస్టిసిటీ ఉందా అని చూస్తాడు గానీ, ఈ పోలిక అసలు న్యాయమైనదేనా అని అడగడు. హెటెరోస్కెడాస్టిసిటీ ఉంటే రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్ వాడి ముందుకెళ్లొచ్చు (స్టాండర్డ్ ఎర్రర్ అంటే మన అంచనా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే కొలత). పోలికే తప్పైతే ఏ టెస్టూ కాపాడదు.

వూల్డ్‌రిడ్జ్ 'ఇంట్రడక్టరీ ఎకనోమెట్రిక్స్' మొదటి అధ్యాయాలనుంచే కంటికి కనపడని కారణాల మాట ఎత్తుతుంది. లెక్క కాస్త ఎక్కువే, అయితే అవసరమైన గణితం, ప్రాబబిలిటీ వెనక అనుబంధాల్లో ఉంటాయి. ఇందులో ఒక ఉదాహరణ మన ప్రాంతం వాళ్లు తప్పకుండా చదవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, నార్త్ ఆండోవర్ అనే ఊళ్లో చెత్త కాల్చే ప్లాంటు వచ్చింది. దానివల్ల దగ్గర్లోని ఇళ్ల ధరలు ఎంత పడ్డాయన్నది ప్రశ్న. 1981లో ప్లాంటు దగ్గరి ఇళ్లు దూరపు ఇళ్లకంటే సగటున 30,688 డాలర్లు తక్కువ. ఇదంతా ప్లాంటు వల్లే అనేయబోతాం. కానీ ప్లాంటు మాటే లేని 1978లో కూడా ఆ ఇళ్లు 18,824 డాలర్లు తక్కువే. అంటే ప్లాంటు పెట్టిందే చవక ప్రాంతంలో. రెండు తేడాల మధ్య తేడా 11,864 డాలర్లు, ప్లాంటు ఖాతాలో వేయాల్సింది ఇది. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటే ఇంతే. దీని స్టాండర్డ్ ఎర్రర్ 7,457, అంటే అంచనా ఇంకా గట్టిది కాదు. ఇంటి వయసు, గదులు, స్థలం లాంటివి చేర్చాక అంచనా 14,178కి, స్టాండర్డ్ ఎర్రర్ 4,987కి మారతాయి. ఒక్క ఉదాహరణలో పద్ధతీ, దాని మీద ఉండాల్సిన అనుమానమూ రెండూ నేర్చుకుంటాం.

ఇది చదివాక 2014లో రాజధాని ఇక్కడ వస్తుందని ప్రకటించినప్పటి భూముల ధరల గురించి ఆలోచించండి. తుళ్లూరు చుట్టుపక్కల ధరల్ని దేనితో పోలుస్తారు? మంగళగిరితో పోలిస్తే అక్కడా ధరలు పెరిగాయి కాబట్టి పోలికకు పెట్టుకున్న మీ కంట్రోల్ గ్రూపే కలుషితమైంది. దూరంగా వెళ్లి పల్నాడు వైపు గ్రామాలు తీసుకుంటే నేల, నీళ్లు, పంటలు వేరు. ప్రకటనకి ముందే పుకార్లతో ధరలు కదిలితే 'ముందు' అనే ఏడాది ఏదో తేల్చడం కష్టం. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన ధర, నిజంగా చేతులు మారిన డబ్బు ఒకటే కాకపోవచ్చు. ఈ నాలుగు ఇబ్బందులూ కాగితం మీద రాసుకుని ఒక్కోదానికి మీ జవాబు వెతకండి. సెమిస్టర్ ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

స్టాక్, వాట్సన్ల పుస్తకం కూడా మంచిదే. కాలిఫోర్నియాలోని 420 స్కూలు జిల్లాల డేటాతో క్లాసులో పిల్లలు తగ్గితే మార్కులు పెరుగుతాయా అనే ఒకే ప్రశ్నని అధ్యాయం తర్వాత అధ్యాయం మోసుకెళ్తుంది. ఒకే కథ వెంట నడిస్తే బాగా అర్థమవుతుందనుకునేవాళ్లు వూల్డ్‌రిడ్జ్ బదులు దీన్ని తీసుకోవచ్చు. రెండూ కొనక్కర్లేదు. నేను వూల్డ్‌రిడ్జ్ వైపు మొగ్గడానికి కారణం ఒకటే, ఆ పుస్తకంలోని డేటా అంతా ఆర్‌లో 'వూల్డ్‌రిడ్జ్' అనే పేరుతోనే ఉచిత ప్యాకేజీగా దొరుకుతుంది. కాబట్టి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర పాత ఎడిషన్ కనిపిస్తే అదే తీసుకోండి, ఈ స్థాయికి కొత్త ఎడిషన్ అవసరం లేదు.

ఇక 'ది ఎఫెక్ట్'. రచయితే పూర్తిగా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. మొదటి సగంలో గణితం దాదాపు ఉండదు. ప్రశ్న ఎలా అడగాలి, ఏది దేన్ని ప్రభావితం చేస్తుందో బాణాలు గీసి ఎలా చూసుకోవాలి, ఏ వేరియబుల్‌ని కంట్రోల్ చేయాలి (అంటే పోల్చేటప్పుడు అందరికీ ఒకేలా ఉంచి చూడాలి), దేన్ని చేయకూడదు అన్నవే ఉంటాయి. కంట్రోల్ చేయకూడనివి కూడా ఉంటాయన్న సంగతి చాలామందికి కొత్త. పై బ్యాచ్ ఉదాహరణలో స్టడీ అవర్లని కంట్రోల్ చేస్తే, బ్యాచ్ పనిచేసే దారినే మూసేసినట్టు అవుతుంది. ఇంటర్‌లో హెచ్ఈసీ, సీఈసీ చదివి లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లకీ, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలకి భయపడేవాళ్లకీ నేను చెప్పేది దీనితోనే మొదలుపెట్టమని. మాట్లాడుతున్నట్టు రాసిన ఇంగ్లిష్ అది. అర్థమైనదాన్ని నోట్సులో తెలుగులోనే రాసుకోండి, ఏం నష్టం లేదు.

ఆంగ్రిస్ట్, పిష్కె 'మాస్టరింగ్ మెట్రిక్స్' ఐదు పద్ధతుల చుట్టూ తిరిగే చిన్న పుస్తకం. ఆంగ్రిస్ట్‌కి 2021లో డేవిడ్ కార్డ్, గైడో ఇంబెన్స్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. చాలా బాగుంటుంది గానీ ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి కావడంతో ఆ దేశపు ఇన్సూరెన్స్, స్కూళ్ల వ్యవస్థ తెలియకపోతే మొదట్లో తడబడతాం. రెండో పుస్తకంగా చదవండి. వాళ్లిద్దరిదే 2009 నాటి 'మోస్ట్‌లీ హార్మ్‌లెస్ ఎకనోమెట్రిక్స్' పీజీ దాటాక చూడొచ్చు. స్కాట్ కన్నింగ్‌హామ్ 'మిక్స్‌టేప్' కూడా ఇంటర్నెట్‌లో ఉచితమే. స్టాటా, ఆర్, పైథాన్ మూడింట్లోనూ కోడ్ ఇస్తుంది. వేగం ఎక్కువ కాబట్టి కోడింగ్ అలవాటున్నవాళ్లకే అది నప్పుతుంది.

సాఫ్ట్‌వేర్

దీని మీద పిల్లలు పెట్టే టెన్షన్ అనవసరం. ఆర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌కి (ఊరికో మనిషికో ఎప్పటికీ మారకుండా ఉండే తేడాల్ని తీసేసే పద్ధతి) ఫిక్సెస్ట్, రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీకి ఆర్‌డీ-రోబస్ట్ లాంటి మంచి ప్యాకేజీలు ఉన్నాయి. స్టాటా ఫైళ్లను కూడా హేవెన్ ప్యాకేజీతో తెరవొచ్చు. స్టాటాకి విద్యార్థి లైసెన్సైనా డబ్బు కట్టాల్సిందే. పేదరిక పథకాల్ని ప్రయోగాలతో పరీక్షించే జె-పాల్ లాంటి సంస్థల్లో రీసెర్చ్ ఉద్యోగాలకు స్టాటా అడుగుతారన్నది నిజమే, అయితే ఆర్ బాగా వచ్చినవాళ్లకి అది కొద్ది వారాల పని. కాలేజీ ల్యాబులో స్టాటా ఉంటే వాడుకోండి, లేదని బాధపడొద్దు.

పైథాన్ ఇప్పటికే వచ్చినవాళ్లు స్టాట్స్‌మోడల్స్‌తో మొదలుపెట్టొచ్చు. కేవలం ఎకనోమెట్రిక్స్ కోసమే కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆర్ దగ్గరి దారి. కోడింగ్ అంటేనే వణుకు అనేవాళ్లకి గ్రెటల్ ఉంది. ఉచితం, చిన్న సాఫ్ట్‌వేర్, మెనూలు నొక్కుతూ పనిచేసుకోవచ్చు. గుజరాతీ పుస్తకంలోని డేటా కూడా దానికి దొరుకుతుంది. ఎక్సెల్‌తో ఒక్క రిగ్రెషన్ చేసి చూడండి చాలు, అంతకుమించి వద్దు. నిన్న ఏం చేశారో ఈరోజు మీకే గుర్తుండదు, కోడ్ రాస్తే ప్రతి అడుగూ ఫైల్లో ఉంటుంది.

కోర్సులు, కోచింగ్‌లు

బెంజ్ సర్కిల్ దగ్గరైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా డేటా సైన్స్ కోచింగ్ బోర్డు చూసి ఎకనోమెట్రిక్స్ కూడా వచ్చేస్తుందని చేరిపోకండి. ఆ కోర్సుల్లో ప్రధానంగా నేర్పేది ముందుగా అంచనా వేయడం. హాజరు, ఇంటర్నల్ మార్కులు చూసి ఎవరు ఫెయిలవుతారో చెప్పడం ఒక పని. ఫెయిలయ్యేలా ఉన్నవాళ్లకి రెమెడియల్ క్లాసులు పెడితే పాసవుతారా అని తేల్చడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి మోడల్ ఎంత కచ్చితంగా చెబుతుందో చూసుకుంటే చాలు. రెండోదానికి, ఆ క్లాసులు లేకపోతే అదే పిల్లలకి ఏమయ్యేదో ఊహించడానికి ఒక పోలిక గుంపు కావాలి. ఉద్యోగం కోసం డేటా సైన్స్ నేర్చుకోవడం మంచిదే, కానీ అది దీనికి బదులు కాదు.

ఉచిత వీడియోల్లో మార్జినల్ రివల్యూషన్ యూనివర్సిటీ వాళ్ల పాఠాలు చిన్నవి, చెప్పేది ఆంగ్రిస్టే. ఒక్కో పద్ధతి చదివే ముందు ఒక వీడియో చూస్తే బండి కదులుతుంది. ఎన్‌పీటెల్, స్వయం పాఠాలు వరుసగా, క్లాసులో చెప్పినట్టే ఉంటాయి. చూడటం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. వారం వారం అసైన్‌మెంట్ ఉంటే తప్ప చదవలేనివాళ్లకి ఆ క్రమశిక్షణ పనికొస్తుంది. ఎంఐటీ వాళ్ల 'డేటా అనాలిసిస్ ఫర్ సోషల్ సైంటిస్ట్స్' వీటికంటే గట్టి కోర్సు. 2019లో నోబెల్ అందుకున్న ఎస్తర్ డఫ్లో పాఠాలు అందులో ఉంటాయి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు తప్పకుండా ప్రయత్నించాలి.

సర్టిఫికెట్లు పోగేసుకోవడం మీద మాత్రం నాకు నమ్మకం లేదు. రెజ్యూమెలో ఐదు సర్టిఫికెట్లకంటే, మీరే చేసిన ఎనిమిది పేజీల చిన్న అధ్యయనం ఇంటర్వ్యూలో మీ చేత ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

డేటా ఎక్కడిది

సొంత అధ్యయనానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరో చేసిన పనిని మళ్లీ చేసి చూడటం. ఇందుకు మన రాష్ట్రంలోనే గొప్ప ఉదాహరణలున్నాయి. ఉపాధి హామీ కూలి, పింఛన్లు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో ఇవ్వడం మొదలైనప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఏవి ముందు, ఏవి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి ఫలితం కొలిచారు. చెల్లింపులు త్వరగా, తక్కువ అవినీతితో అందాయని తేలింది. 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిందది. టీచర్లకు పిల్లల ఫలితాల్ని బట్టి బోనస్ ఇస్తే ఏమవుతుందన్న అధ్యయనం కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్కూళ్లలోనే జరిగింది, 2011లో అచ్చయింది. తెలిసిన మండలాలు, తెలిసిన పథకాలు కాబట్టి ఈ వ్యాసాలు మనకి తొందరగా బోధపడతాయి.

రెండోది, కొత్త డేటా. కేంద్ర గణాంక శాఖ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే ఉద్యోగాలు, నిరుద్యోగం మీద చేసే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే డేటా ఉచితంగా వస్తుంది. మొదటిసారి ఫైల్ తెరిచినప్పుడు వరుసల కొద్దీ అంకెలు తప్ప ఏమీ కనపడవు, కంగారుపడకండి. ఏ అంకె దేనికో చెప్పే లేఅవుట్ ఫైల్ పక్కనే ఉంటుంది. మల్టిప్లయర్ వెయిట్లు (శాంపిల్‌లోని ఒక్కొక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా సగటు తీయొద్దు. గుంటూరు, కృష్ణా జిల్లాలకి విడిగా అంచనాలు తీయడానికి పాత రౌండ్ల శాంపిల్ సరిపోదు, రాష్ట్ర స్థాయి ప్రశ్న పెట్టుకోండి.

గుంటూరు మిర్చి యార్డు ధరలతో ప్రాజెక్టు చేస్తామని చాలామంది సరదాపడతారు. చేయండి, కానీ ఒక జాగ్రత్త. ధరని సరుకు రాక మీద రిగ్రెస్ చేస్తే వచ్చేది డిమాండ్ రేఖా కాదు, సప్లై రేఖా కాదు. ధర బాగుందని కోల్డ్ స్టోరేజీల్లోంచి సరుకు బయటికొస్తుంది, సరుకు ఎక్కువైందని ధర పడుతుంది, రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. డిమాండ్‌ని కదపకుండా సప్లైని మాత్రమే కదిపేది ఒకటి కావాలి. పంట పండే మండలాల్లో వానలు అందుకు ఒక ఆలోచన. 1928లో ఫిలిప్ రైట్ నూనెల మార్కెట్ మీద రాసిన పుస్తకం అనుబంధంలో ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ పద్ధతి పుట్టింది కూడా ఇలాంటి చిక్కులోంచే.

ఎవరికి ఏది

పరీక్ష కొద్ది నెలల్లోనే ఉంటే గుజరాతీ, పాత ప్రశ్నపత్రాలు, గ్రెటల్. మిగతావన్నీ పరీక్ష అయ్యాకే.

నాలుగేళ్ల ఆనర్స్‌లో ప్రాజెక్టు చేయాల్సినవాళ్లు 'ది ఎఫెక్ట్' మొదటి సగాన్ని సెలవుల్లో పూర్తిచేసి, సెమిస్టర్ మొదలవగానే వూల్డ్‌రిడ్జ్‌లో మల్టిపుల్ రిగ్రెషన్, డమ్మీ వేరియబుల్స్, రెండు సంవత్సరాల డేటా కలిపే అధ్యాయం, ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్ చదవండి. టైమ్ సీరీస్ (ఒకే విషయాన్ని కాలక్రమంలో కొలిచిన డేటా) అధ్యాయాలు ప్రస్తుతానికి వదిలేయొచ్చు. అయితే బ్యాంకింగ్, ఫైనాన్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాట పట్టించుకోవద్దు, వాళ్లకి కావాల్సింది ముందు టైమ్ సీరీసే.

ఎంపీసీ నుంచి వచ్చి స్టాటిస్టిక్స్ చదివేవాళ్లకి ఫార్ములాలు కష్టం కాదు, అందువల్లే వాళ్లు పోలిక గురించిన ఆలోచనని దాటేసి నేరుగా మోడల్‌లోకి దూకుతారు. మీరు 'మాస్టరింగ్ మెట్రిక్స్' ముందు చదవండి, తర్వాత 'మిక్స్‌టేప్'.

ఏ దారైనా ఒక్కరే చదవకుండా ఒక తోడు వెతుక్కోండి. వారానికోసారి మీ పోలికని ఎదుటివాళ్లకి చెప్పండి, అందులో లోపం ఎక్కడుందో వాళ్లని వెతకమనండి. మీ కాలేజీ లెక్చరర్‌నో, నాగార్జున యూనివర్సిటీ ఎకనామిక్స్ విభాగంలో ఒక మాస్టారినో కలవాలనుకుంటే ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక పేజీలో మీ ప్రశ్న, ఎవర్ని ఎవరితో పోలుస్తున్నారు, డేటా ఎక్కడిది అన్నవి రాసుకుని వెళ్లండి. ఆ పేజీ ఉంటే పావుగంటలో అసలు విషయం మాట్లాడుకోవచ్చు.